మత్తు డాక్టరు గారి దగ్గర దాచకూడని మాట



మన తెలుగులో మత్తుమందు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆపరేషన్ బల్ల మీద నొప్పి తెలియకుండా డాక్టర్లు ఇచ్చేదీ మత్తుమందే. సందు చివర చాటుగా పొట్లం కట్టి అమ్మేదీ మత్తుమందే. మన ఇరుగుపొరుగు భాషల్లో ఈ చిక్కు లేదు. తమిళంలో మొదటిది మయక్క మరుందు, రెండోది పోదై. మరాఠీలో మొదటిది భూల్, రెండోది నశా. కన్నడంలో మొదటిది అరివళికె, రెండోది మాదక వస్తువు. వాళ్ళు వేరుచేసి చెప్పుకొనేదాన్ని మనం వాడుకలో ఒక్క పేరుతోనే పిలుస్తున్నాం.

ఈ రెండు మత్తులూ ఒకే మనిషి ఒంట్లో ఎదురుపడితే ఏం జరుగుతుంది? గంజాయి గాని, భంగు గాని అలవాటున్న మనిషి ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు ఆ సంగతి మత్తు డాక్టరుకు ఎందుకు తెలియాలి? తెలియకపోతే వచ్చే ప్రమాదం ఏమిటి? ఈ విషయాలు ఇవాళ చెప్పుకుందాం.

ఇది ఎవరో కొద్దిమందికి సంబంధించిన సంగతి అనుకోవడానికి వీల్లేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిపుణులు కేంద్ర ప్రభుత్వం కోసం దేశమంతటా సర్వే చేసి, 2019లో నివేదిక ఇచ్చారు. ఏడాది కాలంలో ఒక్కసారైనా భంగు, గంజాయి, చరస్ వీటిలో ఏదో ఒకటి వాడినవారు దేశంలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది ఉన్నారని అందులో తేలింది. వీరిలో హెర్నియాకూ అపెండిక్స్‌కూ, విరిగిన కాలికీ, కాన్పుకూ ఆపరేషన్ చేయించుకోవలసినవారు ఉండరా? ఉంటారు. మన ఇళ్ళలోనే ఉంటారు.

ముందుగా ఈ పదార్థం సంగతి చూద్దాం. మొక్క ఒకటే, రూపాలు మూడు. ఆకులతో చేసేది భంగు. పూత కొనలను ఎండబెట్టినది గంజాయి. మొక్కకు కారే జిగురు చరస్. మూడింటిలోనూ మత్తు కలిగించే ముఖ్యమైన రసాయనం ఒక్కటే. దాన్ని క్లుప్తంగా టి.హెచ్.సి. అంటారు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రాఫెల్ మెకూలం, యెహీల్ గావోనీ 1964లో దాన్ని శుద్ధరూపంలో వేరుచేసి, దాని నిర్మాణాన్ని తేల్చారు. మన మెదడులోనూ, ఒంట్లోని ఇతర భాగాల్లోనూ ఈ రసాయనం వెళ్ళి అతుక్కునే స్థానాలున్నాయని 1988 నుంచి తెలిసింది. అలా అతుక్కునే పదార్థం ఒకదాన్ని మన శరీరమే తయారుచేసుకుంటుందని 1992లో కనుగొన్నారు. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆనందమైడ్. మన ఆనందం అనే సంస్కృత పదం నుంచే ఆ పేరు పుట్టింది. నొప్పి, నిద్ర, ఆకలి, వాంతి, గుండె వేగం వీటన్నింటితోనూ ఈ స్థానాలకు సంబంధం ఉంది. మత్తు డాక్టరు అదుపులో ఉంచవలసినవి కూడా దాదాపు ఇవే. రెండు మత్తులకూ తగువు వచ్చేది ఇక్కడే.

మరొక గుణం చూడండి. సారా నీటిలో కలుస్తుంది, కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది. టి.హెచ్.సి. కొవ్వులో కరుగుతుంది. మత్తు దిగినా అది ఒంట్లోని కొవ్వులో నిలవ ఉండి, కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. రోజూ ఎక్కువగా వాడే మనిషి మానేసిన తరవాత కూడా కొన్ని వారాలపాటు మూత్ర పరీక్షలో దాని జాడ కనబడవచ్చు. అందుకే నిన్న మానేశాను కదా, ఇవాళ ఒళ్ళు శుభ్రంగా ఉంటుందిలే అనుకోవడం పొరపాటు.

ఇక మత్తు డాక్టరు చేసే పని. ఒక ఇంజక్షన్ ఇచ్చి పక్కకు తప్పుకుంటారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రోగి నిద్రపోయింది మొదలు మేలుకునేదాకా ఆయన ఊపిరినీ గుండెనూ రక్తపోటునూ కాపలా కాసేది మత్తు డాక్టరే.

ఈ కాపలా కథలో మన హైదరాబాదుకూ చోటుంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగికి ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అని వైద్యలోకంలో పెద్ద వివాదం నడిచిన రోజుల్లో, 1888లోనూ 1889లోనూ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు ప్రయోగాలు జరిపాయి. సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించారు, నిజాం ప్రభువు ఖర్చు భరించారు. ముందు ఆగేది ఊపిరేనని వారు తేల్చారు. గుండె కూడా నేరుగా ఆగిపోగలదని తరవాతి పరిశోధనల్లో తెలిసింది. ఇవాళ ఆ రెంటినీ చూడటానికి యంత్రాలున్నాయి. వేలికి తగిలించే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. గుండె ఎలా కొట్టుకుంటోందో తెర మీద గీతలు చెబుతాయి. కాని రోగి రాత్రి ఏం పీల్చాడో, పొద్దున్న ఏం తాగాడో చెప్పే యంత్రం ఆ గదిలో లేదు. మూత్ర పరీక్ష ఉంది గాని, అది వారాల కిందటి వాడకాన్నీ నిన్నటి వాడకాన్నీ ఒకేలా చూపించవచ్చు. కాబట్టి ఈ సంగతి తెలియవలసింది రోగి నోటి నుంచే. లేదా ఆయన వెంట వచ్చినవారి నోటి నుంచి.

తెలియకపోతే ఏమవుతుంది? ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఊపిరి దారి. గంజాయి పొగ పీల్చేవారి గొంతూ శ్వాసనాళాలూ, పొగాకు తాగేవారివి లాగానే, చీటికీమాటికీ చిరాకు పడుతుంటాయి. మత్తులో ఉన్న రోగికి ఊపిరి ఆడటానికి గొంతులోకి గొట్టం వేసినప్పుడు, తీసినప్పుడు విపరీతంగా దగ్గు రావచ్చు. స్వరపేటిక ఒక్కసారిగా బిగుసుకుని గాలి ఆగిపోవచ్చు. గంజాయి పీల్చిన తరవాత కొండనాలుక వాచి ఊపిరికి అడ్డుపడిన సందర్భాలు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగిన మందులూ పరికరాలూ పక్కనే పెట్టుకుంటారు. తెలియకపోతే ఆ నిమిషంలో వెతుక్కోవలసి వస్తుంది.

రెండోది, గుండె. గంజాయి పీల్చిన కొద్ది నిమిషాలకే గుండె వేగం పెరుగుతుంది. అది గంటా రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు అలాగే ఉంటుంది. గంజాయి పీల్చిన తరవాత మొదటి గంటలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు సమయం కంటే సుమారు 4.8 రెట్లు ఎక్కువని 2001లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఆపరేషన్ గదిలో వాడే కొన్ని మందులు కూడా గుండె వేగాన్ని పెంచేవే. పరుగెత్తుతున్న గుర్రాన్ని ఇంకా అదిలించినట్టు కాకుండా ఉండాలంటే, అది పరుగెత్తుతోందని డాక్టరుకు తెలియాలి కదా! అందుకే అమెరికాలోని ప్రాంతీయ మత్తు, నొప్పి వైద్యుల సంఘం 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. మత్తు ఇచ్చే ముందు ప్రతి రోగినీ గంజాయి వాడకం గురించి అడగాలన్నది ఒకటి. తొందర లేని ఆపరేషన్ అయితే, గంజాయి పీల్చిన తరవాత కనీసం రెండు గంటలు ఆగాలి, రోగి మత్తులో తూలుతూ ఉంటే అసలు వాయిదా వెయ్యాలి అన్నది రెండోది.

మూడోది, మందు మోతాదు. ఇందులో ఒక తిరకాసు ఉంది. కాబట్టి శ్రోతలు కాస్త శ్రద్ధగా వినాలి. రోజూ వాడే మనిషికి మత్తుమందు మామూలు కంటే ఎక్కువ అవసరం కావచ్చు. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో 60 మంది పురుషులను పరిశీలించారు. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా గంజాయి వాడేవారి గొంతులో శ్వాస పరికరం సరిగా అమర్చడానికి ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఎక్కువ మోతాదులో కావలసి వచ్చింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 2019లో మరొక పరిశీలన వెలువడింది. కడుపులోకి గొట్టం వేసి చేసే పరీక్షల కోసం మత్తు ఇచ్చిన 250 మంది వివరాలు అందులో చూశారు. క్రమంగా గంజాయి వాడేవారికి ప్రొపొఫాల్ మిగతావారి కంటే మూడు రెట్లకు పైగా వాడవలసి వచ్చింది. ఇవి చిన్న పరిశీలనలే. అందరికీ ఇదే లెక్క అని అనుకోకూడదు. కాని దారి ఎటు ఉందో చూపిస్తున్నాయి.

ఇక తిరకాసు ఏమిటంటే, ఆపరేషన్‌కు కొద్దిసేపటి ముందే గంజాయి పీల్చిన మనిషిలో ఆ మత్తూ డాక్టరు ఇచ్చే మత్తూ కలిసి నిద్ర మరీ గాఢం కావచ్చు, మెలకువ ఆలస్యం కావచ్చు. అంటే, రోజూ వాడేవాడికి మందు చాలకపోవచ్చు, ఇప్పుడే వాడినవాడికి అదే మందు ఎక్కువ కావచ్చు. వాడతాను అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే చాలదు. ఎంత తరచుగా వాడతారు, చివరిసారి ఎప్పుడు వాడారు అనే రెండూ చెబితేనే డాక్టరు లెక్క కుదురుతుంది.

నాలుగోది, భంగు. మన పెద్దవాళ్ళలో చాలామంది దీన్ని మత్తు పదార్థాల లెక్కలో వెయ్యరు. శివరాత్రికో హోళీకో తాగే తండాయి అలవాటు కాదు, ప్రసాదం అంటారు. కాని ఒంటికి ఆ తేడా తెలియదు. పీల్చిన గంజాయి నిమిషాల్లో ఎక్కితే, తాగిన భంగు ఎక్కడానికి గంట, రెండు గంటలు పడుతుంది, దిగడానికి ఇంకా చాలా సేపు పడుతుంది. కాబట్టి పీల్చినవారికి చెప్పిన రెండు గంటల గడువు భంగుకు సరిపోదు. ఇంకో సంగతి. ఆపరేషన్‌కు ముందు ఖాళీ కడుపుతో ఉండాలని చెబుతారు. మంచినీళ్ళయితే సాధారణంగా రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు. పాలు తాగితే ఆరు గంటలు ఆగాలి. భంగు కలిపేది పాలలోనే కదా! పైగా టి.హెచ్.సి. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మరొకటి, కొన్ని ఆయుర్వేద మందుల్లోనూ భంగు ఉంటుంది. దాన్ని అక్కడ విజయ అనే పేరుతో పిలుస్తారు. విరేచనాలకు వాడే జాతీఫలాది చూర్ణం అలాంటిదే. ఆ మందు తప్పని చెప్పడం లేదు. వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పాలి, అంతే. ఇప్పుడు చాక్లెట్ల రూపంలో కూడా గంజాయిని దొంగచాటుగా అమ్ముతున్నారు. పొగ రాదు, వాసన రాదు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

అయిదోది, ఆపరేషన్ అయిన తరవాత. గంజాయి నొప్పి తగ్గిస్తుందని విన్నవారు, వాడేవారికి నొప్పి తక్కువ ఉంటుందనుకుంటారు. నిజానికి ఎక్కువగా వాడేవారికి ఆపరేషన్ తరవాత నొప్పి ఎక్కువగా ఉండటం, నొప్పి మందులు ఎక్కువ అవసరం కావడం డాక్టర్లు గమనించారు. ఆస్పత్రిలో ఉండగా గంజాయి దొరకదు. ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, చెమటలు, అన్నం సహించకపోవడం మొదలవుతాయి. కారణం తెలియని ఇంటివారు రోగి మొండికేస్తున్నాడని విసుక్కుంటారు. కారణం తెలియని డాక్టరు, కుట్లకు చీము పట్టిందా, ఇంకేదైనా తేడా చేసిందా అని పరీక్షలు చేయిస్తారు. ముందే చెప్పి ఉంటే ఈ బాధ సగం తగ్గేది.

ఇంత అవసరమైన మాట మరి మన నోటి నుంచి ఎందుకు రాదు?

మొదటి కారణం సిగ్గు. తులసివనంలో గంజాయి మొక్క అని మనకో సామెత ఉంది. మంచి కుటుంబంలో చెడ్డవాడు పుట్టాడని చెప్పడానికి వాడతాం. ఆ మొక్క పేరే మన భాషలో తిట్టు అయిపోయింది. భార్య, కోడలు, వియ్యంకుడు చుట్టూ నిలబడి ఉండగా ఏ పెద్దమనిషి ఆ మాట ఒప్పుకుంటాడు?

రెండో కారణం భాష. బయటి రాష్ట్రాల్లో స్థిరపడిన మనలాంటివారికి ఇది మరీ ముఖ్యం. షోలాపూర్ ఆస్పత్రిలో వ్యసన్ ఉందా అని అడుగుతారు. బెంగళూరులో దుశ్చట ఉందా అంటారు. హోసూరులో కెట్ట పళక్కం అంటారు. బరంపురంలో నిశా చేస్తారా అని అడుగుతారు. ఒడియాలో నిశా అంటే మత్తు, మన చెవికి నిశ అంటే రాత్రి. ఊరి భాష అంతగా రాని ముసలివారికి ఆ ప్రశ్న సగమే అర్థమవుతుంది. పక్కన ఉన్న కొడుకు దాన్ని తెలుగులోకి మార్చి, నాన్నా, నీకు చెడు అలవాట్లు ఏమీ లేవు కదా అని అడుగుతాడు. ఆ అడగడంలోనే జవాబు ఉంది. లేవురా అని ఆయన అంటాడు. కాగితం మీద లేవు అని రాసేస్తారు. నర్సు అడిగింది ఒకటి, కొడుకు అడిగింది ఒకటి. తండ్రి అబద్ధం చెప్పలేదు, ఆయన దృష్టిలో భంగు చెడు అలవాటు కాదు. అయినా నిజం మాత్రం డాక్టరు దాకా చేరలేదు.

అందుచేత ఆస్పత్రిలో మాట మార్చి చెప్పేవారికి నాదొక మనవి. చెడు అలవాటు అనే మాట తీసెయ్యండి. పేరు పెట్టి అడగండి. నాన్నా, బీడీ తాగుతావా? సారా పుచ్చుకుంటావా? గంజాయి గాని భంగు గాని ఎప్పుడైనా తీసుకుంటావా? చివరిసారి ఎప్పుడు? ఇలా అడగాలి. కోపం, వెటకారం లేకుండా, బి.పి. మాత్రలు వేసుకున్నావా అని అడిగినట్టే అడగాలి. రోగి చెప్పింది చెప్పినట్టే డాక్టరుకు అందించాలి. మీరు దాన్ని తగ్గించవద్దు, అందంగా మార్చవద్దు.

మూడో కారణం భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి, చరస్ వాడటం నేరమే. చెబితే పోలీసులు వస్తారేమోనని జంకుతారు. కాని డాక్టరు అడిగేది మందు లెక్క కోసం, కేసు కోసం కాదు. రోగి చెప్పిన రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. న్యాయస్థానం ఆదేశించడం వంటి కొద్ది సందర్భాలే దీనికి మినహాయింపు. అంతేకాదు, వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే, తక్కువ పరిమాణానికి సంబంధించిన కేసుల్లో అతనికి రక్షణ కల్పించే సెక్షన్ కూడా ఆ 1985 చట్టంలోనే ఉంది.

కుర్రవాళ్ళ విషయం ఇంకా సున్నితం. ఒక అబ్బాయి మోటార్ సైకిల్ మీద నుంచి పడి కాలు విరిగిందనుకుందాం. రాత్రి పదకొండు గంటలకు ఆపరేషన్. డాక్టరు గారు అలవాట్ల గురించి అడుగుతారు. అబ్బాయి నోరు విప్పకముందే తల్లి, అయ్యో, మా వాడు అలాంటివాడు కాదండీ, టీ కూడా తాగడు అంటుంది. తలుపు అవతల ముగ్గురు స్నేహితులు తల వంచుకుని నిలబడి ఉంటారు. సాయంత్రం ఏం జరిగిందో వాళ్ళకు తెలుసు. ఇలాంటప్పుడు ఆ తల్లి చేయవలసిన మేలు ఒక్కటే. డాక్టరు గారూ, మీరు వాడితో ఒంటరిగా మాట్లాడండి అని చెప్పి, అయిదు నిమిషాలు బయటికి వెళ్ళడం. అబ్బాయికి స్పృహ లేకపోతే ఆ స్నేహితుల్లో ఒక్కడైనా ముందుకు వచ్చి చెప్పాలి. అది చాడీ కాదు, ఆ క్షణంలో స్నేహమంటే అదే.

చెబితే ఆపరేషన్ చెయ్యరేమో అని కొందరి సందేహం. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఆపరేషన్ ఆపరు. డాక్టరు మందులు మార్చుకుంటారు, జాగ్రత్తలు పెంచుకుంటారు. తొందర లేనిదైతే కొన్ని గంటలో, కొన్ని రోజులో వాయిదా వేయవచ్చు. ఆ వాయిదాను శిక్షగా భావించకూడదు. గంజాయి వాడే ప్రతివారికీ ఆపరేషన్‌లో ఏదో జరుగుతుందని కూడా భయపడవద్దు. ఎంతోమంది క్షేమంగా లేచి ఇంటికి వస్తున్నారు. ప్రమాదం ఉన్నది డాక్టరుకు తెలియని వాడకంలో.

కాబట్టి ఆపరేషన్ తేదీ నిర్ణయమైన రోజునే మత్తు డాక్టరుకు అయిదు సంగతులు చెప్పండి. వాడేది ఏమిటి, భంగా, గంజాయా, చరసా. ఏ రూపంలో, పీల్చడమా, తాగడమా, తినడమా. వారానికి ఎన్నిసార్లు. చివరిసారి ఎప్పుడు. దానితోపాటు పొగాకు, సారా, నిద్రమాత్రలు, నాటు మందులు ఏమైనా ఉన్నాయా. నడుముకు ఇచ్చే మత్తయినా, ఒళ్ళంతా తెలియకుండా ఇచ్చే మత్తయినా ఈ అయిదూ చెప్పాలి. గర్భవతులైతే మరీ ముఖ్యంగా చెప్పాలి. ఎక్కువగా వాడేవారు ముందు రోజు రాత్రి హఠాత్తుగా మానేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళడం మంచిది కాదు. వారాల ముందే డాక్టరును అడిగి, ఆయన చెప్పిన పద్ధతిలో మానుకోవాలి. పూర్తిగా మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు ఒకటి ఉంది. రాసుకోండి. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మళ్ళీ చెబుతాను. 14446.

ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్ళేముందు మన ఒంటి మీది గొలుసు, ఉంగరం, గాజులు తీసి ఇంటివారి చేతికిస్తాం. దాచుకున్న ఈ ఒక్క మాటను డాక్టరు గారి చేతికిచ్చి లోపలికి వెళ్ళాలి. ఆ తరవాత కొన్ని గంటలపాటు మన ఊపిరి మన చేతుల్లో ఉండదు, ఆయన చేతుల్లోనే ఉంటుంది.